నిమ్మకాయల పరదా

అమెరికాలో ఇల్లు లేక వీధిన పడ్డవాళ్లు ఎంతమందైనా ఉండవచ్చు గానీ, వాళ్లందరిలోకీ పేరు మోసినవాడు ప్రొద్దుటూరు ఇమామ్ హుస్సేన్ దాదా. ఆయన చేతుల్ని తెరమీద చూసి లండన్‌లో ఏడ్చారు, పారిస్‌లో లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. అమెరికావాళ్లయితే, మన వీధిలో ఇంత గొప్ప బికారి ఉన్నాడా, ఇన్నాళ్లూ ఎవరమూ చూసుకోలేదే అని సిగ్గుతో తలలు దించుకున్నారు. అంతటి అమెరికా బికారి అమెరికాలో ఒక్క పూట కూడా కాలు పెట్టలేదు. ఆ దేశం వీసా ఫారం ఎంత పొడుగుంటుందో కూడా ఆయనకు తెలియదు. ఆయన చూసిన అమెరికా మొత్తం నలభై అడుగులు. దుబాయ్ ఇన్వెస్ట్‌మెంట్స్ పార్క్‌లో ఒక గోడౌన్ లోపల, ఏసీ కింద ఉండేది.

మనవరాలికి దాదా, అంటే తాత అయిన ఈయన వృత్తి రఫూ. రఫూ అంటే అతుకు వేయడం కాదు. గుడ్డ మడతలో దాగి ఉన్న దారాలనే ఒక్కొక్కటిగా పీకి, చిరిగినచోట పడుగూ పేకా మళ్లీ అల్లుకుంటూ పోవడం. పని అయ్యాక ఎక్కడ చిరిగిందో గుడ్డ సొంతదారు కూడా చెప్పలేకపోవాలి. ప్రొద్దుటూరు బట్టల బజారులో, ఒక పట్టుచీరల అంగడి అరుగు మీద కూర్చుని, చిరుగు వెతికి పట్టుకున్నవాళ్ల దగ్గర కూలి తీసుకోనని పందెం వేసేవాడు. పందెం ఎప్పుడూ ఓడలేదని ఆయన అంటాడు. రెండుసార్లు ఓడాడని ఆయన భార్య జైబున్నీసా దాదీ అంటుంది. దారాలు లేపడానికి ఎడమచేతి చిటికెన వేలి గోరు అంగుళం పెంచాడు. ఆ గోటితో చెవి కూడా గోక్కుంటాడని ఇంట్లో ఆడవాళ్ల ఫిర్యాదు. దానికి మాత్రం ఇప్పటికీ ఒప్పుకోలేదు.

చీరలు కట్టేవాళ్లు తగ్గి, చిరిగితే పారేసేవాళ్లు పెరిగాక, 2004లో దుబాయ్ వచ్చాడు. పెద్ద హోటళ్ల బట్టలు ఉతికే ఒక లాండ్రీలో పని. సిగరెట్ నిప్పు పడ్డ కోట్లు, కారు తలుపులో చిక్కుకున్న గౌన్లు ఆయన బల్ల మీదికి వచ్చేవి. పదహారేళ్లు కోటీశ్వరుల చిల్లులు పూడ్చాడు. వాళ్లలో ఒక్కడి ముఖం కూడా ఆయనకు తెలియదు. కోటు చూపిస్తే మాత్రం ఏ సంవత్సరం, ఏ మోచేతి దగ్గర చిల్లు పడిందో చెబుతాడు. బట్టను చూసేటప్పుడు ఆయన కళ్లు చిల్లు మీదే ఉంటాయి, బట్ట మీద ఉండవు. ఈ మాట గుర్తుంచుకోవాలి. ఆయన కొంప ముంచింది ఈ చూపే.

2020లో హోటళ్లు మూతపడ్డాయి. కోట్లు వేసుకునేవాళ్లే లేనప్పుడు చిల్లులు ఎక్కడివి? జూన్‌లో లాండ్రీ ముదీర్, అంటే మేనేజరు, అందరినీ పిలిచి, కొన్ని వారాలే, అంతా సర్దుకుంటుందని చెప్పి, తాను మాత్రం విమానం దొరకగానే తన దేశం వెళ్లిపోయాడు. పనివాళ్ల పాస్‌పోర్టులు లాండ్రీ బీరువాలో ఉన్నాయి. బీరువా తాళంచెవి ముదీర్ జేబులో ఉంది. కంపెనీ ఇచ్చిన గదిని ఇంటివాళ్లు వెనక్కి తీసుకున్నారు. గదిలో ఉన్న పదిమంది పది దిక్కులైపోయారు. దాదా దగ్గర మిగిలింది ఒక సంచి. అందులో రెండు జతల బట్టలు, సూదుల డబ్బీ, ఎవరో హోటల్ నుంచి పంపి మళ్లీ తీసుకెళ్లని కిటికీ పరదా ఒకటి. తెల్లటి గుడ్డ మీద పచ్చటి ఆకులు, పసుప్పచ్చటి నిమ్మకాయలు.

అల్ వర్సాన్ లేబర్ క్యాంపులో నిజామాబాద్‌కు చెందిన లాల్ అహ్మద్ ఉండేవాడు. పక్కనే ఒక గోడౌన్‌కు రాత్రి కాపలా. రాత్రంతా అతని మంచం ఖాళీయే కదా అని దాదాను అందులో పడుకోమన్నాడు. పొద్దున అతను రాగానే దాదా లేచి బయటికి పోవాలి. ఒకే మంచం, ఒకే దుప్పటి, ఇద్దరు మనుషులు. అలా అయిదు నెలలు నడిచింది. నవంబర్‌లో క్యాంపువాళ్లు జాబితా పట్టుకుని గదులన్నీ తిరిగారు. జాబితాలో పేరు లేనివాళ్లంతా ఖలాస్. ఆ తరువాత దాదా ఇల్లు గోడౌన్ వెనక ఖాళీ జాగాలో చక్రాలు లేకుండా పడి ఉన్న ఒక పాత కూలీల బస్సు.

ఈ సంగతి ప్రొద్దుటూరులో ఎవరికీ తెలియకూడదు. ఆ ఏడాదంతా దాదాకు ఉన్న ఒకే ఒక్క పట్టుదల అది. తిండి దొరక్కపోయినా భరించాడు గానీ, ఇంట్లో తెలుస్తుందంటే మాత్రం ఆయనకు చెమటలు పట్టేవి. అంత పట్టుదల ఎందుకని తరువాత మనవరాలు ఉజ్మా అడిగితే, మీ దాదీకి బీపీ అన్నాడు. మీ నాయన షఫీకి అప్పటికే పని లేదన్నాడు. అవి నిజమే. కానీ అసలు నిజం వేరు. చిరుగు నలుగురి కళ్లబడితే ఆయనకు కూలి పుచ్చుకునే మొహం ఉండదు. అలవాటు అలాంటిది.

ప్రతి శుక్రవారం నమాజ్ తరువాత ఇంటికి వీడియో కాల్ చేయడం పాత ఆచారం. జూన్‌లో గది పోయాక మొదటి శుక్రవారమే దాదీ అడిగింది, వెనకాల గోడ మారిందేమి అని. ఆ క్షణంలో దాదా నోటికి ఉమ్ అల్ క్వైన్ అనే పేరు వచ్చింది. అక్కడ ఇంకో లాండ్రీలో పని దొరికింది, గది ఇచ్చారు, ఒక్కడికే గది, కిటికీ కూడా ఉంది, కిటికీ అవతల సముద్రం ఉంది అని చెప్పాడు. ఉమ్ అల్ క్వైన్ ఆయన అంతకుముందు చూసిందీ లేదు. అబద్ధం ఆడటం చేతకాని మనిషి నోరు విప్పితే ఇంతే, సముద్రాన్ని కూడా లాక్కొచ్చి పెట్టాడు.

ఇక కిటికీ కావాలి. లాల్ అహ్మద్ కాపలా క్యాబిన్ వెనక గోడకు రెండు మేకులు కొట్టి, నిమ్మకాయల పరదాను కుచ్చులు పెట్టి వేలాడదీశాడు. దాని ముందు కుర్చీ వేసుకుని కూర్చుంటే ఫోన్‌లో చూసేవాళ్లకు అచ్చంగా కిటికీయే. కాల్ అయ్యాక పరదా మడిచి సంచిలో పెట్టుకునేవాడు. ఈ వైభోగం చూసి లాల్ అహ్మద్ కడుపు పట్టుకుని నవ్వేవాడట.

"హుస్సేన్ భాయ్, కిటికీని సంచిల ఏస్కొని తిరిగేటోడు ఈ దుబాయ్ మొత్తంల నువ్వొక్కనివే."

దాదీకి ఆ పరదా బాగా నచ్చింది. నచ్చినకొద్దీ ఇబ్బంది పెరిగింది. ఒక్కసారి పరదా తీసి సముద్రం చూపించమని వారంవారం అడిగేది. దాదా దానికీ ఒక ఉపాయం కనిపెట్టాడు. కిటికీ కింద అరబ్బుల ఇంటి వాకిలి ఉంది, అక్కడ ఆడవాళ్లు తిరుగుతుంటారు, పరదా తీస్తే కేసు పెడతారు అన్నాడు. దాదీ గౌరవంగా ఊరుకుంది. ఆ కనపడని ఆడవాళ్ల మర్యాద కోసం దాదీ ఏళ్ల తరబడి సముద్రం చూడకుండా ఉండిపోయింది.

2021 ఫిబ్రవరిలో కృష్ణచైతన్య ఫోన్ చేశాడు. ఆయనది విజయవాడ, దుబాయ్‌లో డాక్యుమెంటరీలు తీసే ఒక కంపెనీలో మేనేజర్. ఆయన భార్య ఆమనికి తల్లి ఇచ్చిన పెళ్లిచీర కారు తలుపులో పడి జానెడు చిరిగితే, దాదా రఫూ చేసి ఇచ్చాడు. ఆమని ఆ చీరను కిటికీ దగ్గర ఎత్తి పట్టుకుని చిరుగు వెతికి వెతికి, దొరకక, చివరికి ఏడ్చేసిందట. అప్పటినుంచీ కృష్ణచైతన్య దగ్గర దాదా నంబరు ఉంది.

పని ఏమిటంటే, లండన్‌నుంచి వచ్చిన ఒక డైరెక్టరమ్మ అమెరికా నగరాల్లో ఇల్లు లేనివాళ్ల మీద డాక్యుమెంటరీ తీస్తోంది. 2019లో అక్కడికి వెళ్లి చాలామందితో మాట్లాడి, వాళ్ల గొంతులు రికార్డు చేసుకొచ్చింది. మళ్లీ వెళ్లి బొమ్మలు తీసుకుందామనుకునేసరికి దారులు మూసుకుపోయాయి. మాటలు ఉన్నాయి, మాటల కింద చూపించడానికి బొమ్మలు లేవు. అందుకని దుబాయ్ ఇన్వెస్ట్‌మెంట్స్ పార్క్‌లో ఒక గోడౌన్ తీసుకుని, అందులో అమెరికా పేవ్‌మెంటు కట్టించారు. సిమెంటు రాళ్లు, మంటలు ఆర్పడానికి వీధిలో ఉండే ఎర్ర పంపు, ఒక తోపుడు బండి, వరుసగా పన్నెండు టెంట్లు. టెంట్ల ముందు కూర్చోవడానికి మనుషులు కావాలి. ముఖాలు కనపడవు, వీపులు, చేతులు, కాళ్లు మాత్రమే. క్యాంపుల్లో పని లేనివాళ్లను ఎనిమిదిమందిని తెచ్చారు. దాదాకు అదనంగా బట్టల పని. కొత్త కోట్లకు టీ నీళ్లు, బూడిద, ఇంజన్ గ్రీజు పూసి పాతవాటిలా చేయాలి. పదహారేళ్లు మరకలు తీసిన చోట ఉన్న మనిషి మరకలు పెట్టడానికి కూర్చున్నాడు. మొదటి కోటు మీద గ్రీజు పెట్టేటప్పుడు బిస్మిల్లా అనాలో వద్దో తెలియలేదట.

ముఖం కనపడదు కదా అని దాదా మూడుసార్లు అడిగాడు. కనపడదని కృష్ణచైతన్య మూడుసార్లు చెప్పాడు. మీరెక్కడ ఉంటున్నారని ఆయన అడిగితే, ఉమ్ అల్ క్వైన్‌లో సార్, గది ఇచ్చారు, కిటికీ ఉంది అని దాదా ఇంటికి చెప్పినదే చెప్పాడు. తెలుగువాళ్లకు చెబితే ఏ దారినో ఒక దారిన ఊరికి చేరుతుందని ఆయన భయం.

గురువారం నాటికి టెంట్లు నిలబెట్టారు. శుక్ర, శనివారాలు సెలవు, ఆదివారం షూటింగ్. సామాన్లు సర్దే మనిషి సెలవుల్లో పగటిపూట గోడౌన్ తెరిచి ఉంచుతాడని తెలిసి, కోట్ల పని మిగిలిపోయిందనే వంకతో దాదా వచ్చేవాడు. మిగిలింది పని కాదు, పగలంతా కూర్చోవడానికి చల్లటి చోటు. అప్పుడు చూశాడు, కొత్త టెంట్లకు చిరుగులు. అన్నీ తిన్నగా, బ్లేడు గీసినట్టు. గల్ఫ్‌లో పెట్టెలు దించి, మోసి, విప్పిన ఎవరికైనా వచ్చే ఆలోచనే ఆయనకూ వచ్చింది. కస్టమ్స్‌లో అట్టపెట్టె కోసేటప్పుడు బ్లేడు లోపలి సరుకులోకి దిగింది. ఆదివారం ఆ అమ్మ చూస్తే పాపం కృష్ణచైతన్య సార్ మాటపడతాడు.

దాదా సూదుల డబ్బీ తీశాడు. నైలాన్ గుడ్డకు అంతకుముందు రఫూ చేసి ఎరగడు. టెంటు అంచు మడతలోంచి దారాలు లాగి, తెగిపోతే మళ్లీ లాగి, గోటితో సర్దుతూ, రెండు పగళ్లు కూర్చున్నాడు. మధ్యలో లేచింది శుక్రవారం నమాజ్‌కూ, ఇంటికి కాల్ చేయడానికీ మాత్రమే. పందొమ్మిది చిరుగులు. శనివారం సాయంత్రానికి ఒక్కటి కూడా లేదు. ఇంత పని చేసి ఎనిమిది నెలలైంది. ఆ వేళ తన పాత బస్సుకు తిరిగి వెళుతుంటే కాళ్లు నేల మీద లేవట.

ఆదివారం పొద్దున డైరెక్టరమ్మ వచ్చి తన చిరుగులు ఏవని అడిగింది. బ్లేడు పెట్టి ఆ చిరుగులు చేసింది సెట్టు వేసిన మనిషే. ఎంత పొడవు ఉండాలో, ఏ వైపు ఉండాలో ఆమె బొమ్మలు గీసి ఇచ్చిందట. ఆ మనిషి టెంట్ల చుట్టూ మోకాళ్ల మీద పాకుతూ, తాను చేసిన చిరుగులు తానే వెతుక్కున్నాడు. దొరకలేదు. ఈ టెంట్లు మార్చేశారని గొడవ మొదలయింది. కృష్ణచైతన్య ముఖం వాడిపోయింది. అప్పుడు దాదా వెనకనుంచి నెమ్మదిగా చెయ్యెత్తి, "నేనే సార్, బాగు చేసినా" అన్నాడు, మెచ్చుకుంటారేమోనన్న ఆశతో.

డైరెక్టరమ్మ టెంటు గుడ్డను దీపం ముందు పట్టుకుని వేలితో తడిమి తడిమి చూసింది. తరువాత కృష్ణచైతన్యతో ఏదో చెప్పింది. ఆయన తర్జుమా చేశాడు. చిరుగులు మళ్లీ చేస్తారట, దాదా కెమెరా ముందు కూర్చుని మళ్లీ కుట్టాలట. అన్నీ పూర్తి చేయకూడదు, కుడుతూనే ఉండాలి. పూర్తి కాకూడని రఫూ ఏమి రఫూ అని దాదాకు నచ్చలేదు గానీ, సరేనన్నాడు.

ఆయనకు గ్రీజు కోటు, ఉన్ని టోపీ తొడిగి కూర్చోబెట్టారు. డైరెక్టరమ్మ తృప్తిపడలేదు. కోటు కింద చొక్కా మరీ తెల్లగా ఉంది, మడత నలగలేదు, ఇల్లు లేనివాడి చొక్కా ఇలా ఉండదు అంది. ఆ చొక్కాను దాదా మసీదు కుళాయి దగ్గర ఉతికి, మడిచి, బస్సు సీటు మీద పరిచి, దాని మీదే పడుకున్నాడు. ఇస్త్రీ అలా అయింది. లాండ్రీలో పనిచేసినవాడు నలిగిన చొక్కా వేసుకుని పనికి రాడు. దాన్నిప్పుడు నలిపి, బూడిద పూసి, మళ్లీ తొడిగారు.

తరువాత డైరెక్టరమ్మ ఆయన ముందు గొంతుకూర్చుని ప్రేమగా చాలాసేపు మాట్లాడింది. కృష్ణచైతన్య మొహమాటపడుతూ తెలుగు చేశాడు.

"ఏం లేదు హుస్సేన్ గారూ, మీకు ఇల్లు లేదనుకోండి. రాత్రికి ఎక్కడ పడుకోవాలో తెలీదనుకోండి. ఆ దిగులు కనిపించాలంటున్నారు. ముఖం ఎలాగూ కనపడదు, వీపులో కనిపించాలట."

"వీపులోనా సార్?"

"అవునండీ."

"ఉండాది సార్. తీసుకోమనండి."

ఆ వారమంతా తీసుకున్నారు. మంగళవారం మధ్యాహ్నం భోజనాల వేళ దాదా ధైర్యం చేశాడు. ఆ పన్నెండు టెంట్లూ రాత్రిపూట ఖాళీగా ఉంటాయి, తలుపు తాళం వేసి ఉంటుంది, ఏసీ కూడా నడుస్తూనే ఉంటుంది. వాటిలో దిండ్లు, దుప్పట్లు ఉన్నాయి. అమెరికా దుప్పట్లు, ముక్కుకు గ్రీజు వాసన కొట్టినా వెచ్చగా ఉంటాయి. కృష్ణచైతన్య చేయి కడుక్కుంటుంటే పక్కకు వెళ్లి, సరుకంతా ఇక్కడ ఉంది, రాత్రి కాపలాకు తాను ఉంటానని, దానికి ఏమీ ఇవ్వనక్కర్లేదని చెప్పాడు.

కృష్ణచైతన్య మంచివాడు. దాదా భుజం మీద చేయి వేసి నవ్వాడు.

"మీకెందుకండీ ఈ వయసులో కాపలాలు? హాయిగా ఉమ్ అల్ క్వైన్‌లో కిటికీ ఉన్న గది పెట్టుకుని, వచ్చి ఈ టెంట్లలో పడుకుంటారా? వేన్‌వాణ్ణి మీ గది దాకా దింపమంటాను."

వద్దు సార్, అల్ వర్సాన్‌లో దోస్తు ఉన్నాడు, అక్కడ దింపితే చాలు అన్నాడు దాదా. నిజం చెప్పడానికి ఒక్క మాట చాలు. నాకు గది లేదు సార్ అంటే ఆ రాత్రికి పన్నెండు టెంట్లలో ఒకటి దొరికేదే. ఆ ఒక్క మాట ఆయన అనలేదు. తన అబద్ధం అంత బాగా అతికింది, తనకే ఎక్కడ పట్టుకుని విప్పాలో తెలియలేదు. వేన్ క్యాంపు గేటు దగ్గర దించి వెళ్లేదాకా నిలబడి, చేయి ఊపి, తరువాత బస్సువైపు నడిచాడు. ఇల్లు లేనివాళ్ల గురించి లోకానికి చెప్పబోయే వాళ్లంతా ఆ వేన్ దీపాల వెలుగులో ఆయన్ని మూడు రోజులు ఆ గేటు దగ్గరే దించి వెళ్లారు. వాళ్లకు ఆయన వీపు మాత్రమే కావలసి వచ్చింది.

గురువారం ఆఖరి రోజు. దీపాలు సర్దుతున్నారు, ఇంకా టైం పడుతుందన్నారు. దాదా చేతులు ఖాళీగా ఉండలేవు. మర్నాడు శుక్రవారం, ఇంటికి కాల్ చేయాలి. పోయిన వారం క్యాబిన్ గోడనుంచి తీసేటప్పుడు పరదా మేకుకు తగిలి మూల చిరిగింది. దాదీ కళ్లు డేగ కళ్లు, చిరుగు కనబడితే అడుగుతుంది. సంచిలోంచి పరదా తీసి ఒళ్లో పరుచుకుని, చిరుగు దగ్గరికి లాక్కుని, గోటితో దారం లేపాడు. చుట్టూ ఏం జరుగుతోందో ఇక ఆయనకు తెలియదు.

తల ఎత్తి చూశాడు. కెమెరా ఆయన చేతుల దగ్గరే ఉంది. డైరెక్టరమ్మ కళ్లు తుడుచుకుంటోంది. తీసిన అన్నిటిలోకీ ఇదే బాగుందట అని కృష్ణచైతన్య చెప్పాడు. దాదా గాభరాగా ముఖం పడిందా అని అడిగాడు. లేదు, చేతులూ గుడ్డా మాత్రమే అన్నాడాయన. దాదా గుండె నిమ్మళించింది. చేతులే కదా. గుడ్డ సంగతి ఆయనకు తట్టలేదు. ఆయన చూసింది మూల చిరుగును మాత్రమే.

ఆ వేసవికి ముందే ఆయన బస్సునుంచి బయటపడ్డాడు. పాస్‌పోర్టుల బీరువా కూడా చివరికి తెరుచుకుంది. పని వెతుక్కోవడానికి ఉమ్ అల్ క్వైన్‌కే వెళ్లాడు, వేరే ఊళ్లో దొరికితే మళ్లీ ఇంట్లో ఏం చెప్పాలో తెలియక. తన అబద్ధానికి అద్దె కట్టుకోవడానికి పోయాడని ఉజ్మా అంటుంది. అక్కడ బట్టలు సరిచేసే చిన్న అంగట్లో చోటు దొరికింది. గది కూడా దొరికింది, నిజమైన గది, ఒక్కడికే. కిటికీ కూడా నిజమే. కిటికీ అవతల సముద్రం లేదు, రేకుల ఫ్యాక్టరీ గోడ ఉంది. నిమ్మకాయల పరదా మొదటిసారి నిజం కిటికీకి వేలాడింది. ఆ రోజు ఆయన ఎంత సంతోషపడ్డాడో ఇంటికి చెప్పుకోవడానికి వీల్లేకపోయింది. ఇంట్లోవాళ్ల లెక్కన ఆయన అక్కడికి వచ్చి పది నెలలయింది.

2023లో కృష్ణచైతన్య దాదా ఫోన్‌కు ఒక లింకు పంపాడు. సినిమా దేశదేశాల్లో చూస్తున్నారు, పోస్టర్ మీద మీ చేతులే వేశారు అని రాశాడు. దాదా నలభయ్యోసారి కూడా కళ్లద్దాలు పెట్టుకుని చూసి, కుట్టు బాగా వచ్చిందని తృప్తిపడి, ఆ లింకును ప్రొద్దుటూరుకు పంపాడు. 2021 ఫిబ్రవరిలో ఇక్కడ ఒక గోడౌన్‌లో, పని మధ్యలో సరదాగా అమెరికా బికారి వేషం వేశాను, దాదీకి చూపించు అని ఉజ్మాకు వాయిస్ మెసేజ్ పెట్టాడు. తన చేత్తో తానే పంపాడు.

ఉజ్మా ఇంటర్ రెండో సంవత్సరం మధ్యలో ఆపేసిన పిల్ల. ఇంగ్లీషు సగం వస్తుంది, మిగతా సగం ధైర్యంతో చెప్పేస్తుంది. దాదీ పక్కన ఫోన్ పెట్టుకుని, కింద పడే అక్షరాలు తెలుగు చేసి చెబుతూ కూర్చుంది. దాదా వీపు రాగానే ఇద్దరూ నవ్వుకున్నారు. గోరు రాగానే ఇంకా నవ్వారు. అప్పుడు ఆడగొంతు ఏదో అంది, అక్షరాలు పడ్డాయి. ఉజ్మా నవ్వుతూనే చదివింది. ఈ మనిషికి ఇల్లు లేదు, ఒకప్పటి ఇంటి గుర్తుగా మిగిలింది ఈ కిటికీ పరదా ఒక్కటే, దాన్ని బాగుచేసుకుంటున్నాడు.

దాదీ నవ్వడం ఆపింది. వెనక్కి తిప్పమంది. మళ్లీ తిప్పమంది. ఆకులు, నిమ్మకాయలు. ఇది ఎప్పుడు తీసిందని అడిగింది. ఫిబ్రవరి 2021 అని ఉజ్మా చెప్పింది. ఆ ఫిబ్రవరిలో ప్రతి శుక్రవారం దాదీ ఆ పరదా చూసింది. కిటికీకి ఉండాల్సిన పరదా గోడౌన్‌లో ఆ మనిషి ఒళ్లోకి ఎట్లా వచ్చింది? సినిమా చివర్లో కొన్ని దృశ్యాలు వేరే చోట తీసినవని చిన్న అక్షరాల్లో వేశారట. అంత చిన్నవి చదివే చూపు ఆ ఇంట్లో ఎవరికీ లేదు. అవసరం కూడా పడలేదు. దాదా ఎప్పుడో కాల్ చేసిన ఆయన దోస్తు లాల్ అహ్మద్ నంబరును ఉజ్మాతో వెతికించి, దాదీ తలుపు వేసుకుని మాట్లాడింది. మంచం, బస్సు, మేకుల మీద పరదా, అన్నీ అతను చెప్పేశాడు.

శుక్రవారం దాదా ఎప్పటిలాగే కాల్ చేశాడు. సినిమా ఎట్లుందని అడుగుతుందనుకున్నాడు. దాదీ సినిమా ఊసే ఎత్తలేదు.

"షఫీ అబ్బా, ఆ పరదా తియ్యి."

"కింద అరబోళ్ల ఆడోళ్లు…"

"తియ్యి."

దాదా లేచి పరదా తీశాడు. ఈసారి నిజంగానే కిటికీ ఉంది. అద్దం ఉంది, ఊచలు ఉన్నాయి, అవతల రేకుల ఫ్యాక్టరీ గోడ, ఎండ. ఫోన్‌ను దగ్గరగా పెట్టి అద్దం మీద గోటితో టకటకా కొట్టి చూపించాడు. చూడు జైబూ, నిజం కిటికీ, చూడు అన్నాడు. ఆమె చాలాసేపు చూసింది.

"ఇది ఎవరు కట్టించినారు? ఆ డైరెక్టరమ్మేనా?"

అంతే అంది. ఫోన్ ఉజ్మా చేతికిచ్చి లేచిపోయింది. ఆ తరువాత శుక్రవారాలు ఆమె ఫోన్ దగ్గరికి రావడం మానేసింది. అరవలేదు, ఏడవలేదు, మందులు వేళకు వేసుకుంటోంది. ఆయన పేరు ఎత్తితే మాత్రం, ఏ మాట ఏ గోడౌన్‌లో తీసిందో ఎవరికి తెలుసు అంటుంది. గది తాళం ఫోటో, అద్దె రసీదు, అంగడి యజమాని మాట, అన్నీ పంపాడు దాదా. ఇప్పుడు ఆయన దగ్గర ఉన్నవన్నీ నిజాలే, కొనేవాళ్లు లేరు. తన లెక్కన మొదటిసారి ఆయన రఫూ ఒకటి బయటపడింది, దాన్ని మళ్లీ కుట్టడానికి మడతలో దారం మిగల్లేదు.

ఇదంతా ఒక పుస్తకంలో రాసుకున్న ఉజ్మా, మొన్న శుక్రవారం, రాసినదాని మొదటి ముక్క ఫోన్‌లో ఆయనకు చదివి వినిపించింది. లండన్ ఏడుపు, పారిస్ చప్పట్లు, అమెరికా మొత్తంలో పేరు మోసిన బికారి. ఎట్లా ఉంది దాదా, బాగుందా అని అడిగింది. అవతల కుట్టుమిషన్ చప్పుడు ఆగింది. తరువాత ఆయన అన్నాడు:

"ఆ తెల్లామె అమెరికా అని రాసుకునింది, రాసుకోనీ. నువ్వు ఎందుకు రాస్తాండావుమే? నేను పండుకుండింది అల్ వర్సాన్‌లో. ఇల్లు లేకుండింది నాకు. అది రాసి మీ దాదీకి చదివి వినిపించు, చేతకాకుంటే పెన్ను కింద పెట్టు."